సముద్రపు రీల్‌కి ఏ గ్రీజు, ఏ ఆయిల్? చెన్నైలో గాలం వేసేవాళ్ళకు ఒక పోలిక

తొందరలో ఉన్నవాళ్ళ కోసం ముందే తేల్చి చెప్పేస్తాను. పడవ ఇంజన్లకు వాడే వాటర్‌ప్రూఫ్ గ్రీజు ఒక డబ్బా, కుట్టుమిషన్ ఆయిలంత పల్చగా ఉండే ఆయిల్ ఒక సీసా, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ను కాస్త కాస్తగా వదిలే బ్రేకు) కోసమే తయారైన గ్రీజు ఒక చిన్న డబ్బీ. ఈ మూడు ఇంట్లో ఉంటే, లైన్ చుట్టుకునే స్పూల్ తిరగకుండా ఉండే స్పిన్నింగ్ రీలైనా, స్పూలే గిర్రున తిరిగే, బోటు మీద వాడే మల్టిప్లయరైనా పనైపోతుంది. నాలుగోది కొంటే అది సరదా. గాలం పట్టుకున్నవాడికి సరదా వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు కాబట్టి ఆ సంగతి మీకే వదిలేస్తున్నాను.

రీల్ ఆయిళ్ళ గురించి మనం చూసే వీడియోలు, చదివే సలహాలు చాలావరకు చలిదేశాల వాళ్ళవి. అందులోనూ చెరువుల్లో, నదుల్లో మంచినీటి చేపలు పట్టేవాళ్ళవి. అక్కడ చలికి గ్రీజు బిగుసుకుని హ్యాండిల్ బరువెక్కుతుంది. అందుకే ఎంత పల్చగా ఉంటే అంత మంచిదంటారు. చెన్నైలో ఆ బాధ లేదు. ఇక్కడ రీల్‌ని తినేవి ఉప్పు, ఇసుక, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ. హ్యాండిల్‌ని ఒక్క వేలితో తోస్తే ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్క షాపులో చూడ్డానికి బాగుంటుంది. సముద్రం దగ్గర మాత్రం లోపలికి నీళ్ళు రానివ్వని కందెన కావాలి, రీల్ కాస్త బరువుగా తిరిగినా సరే.

మీరు ఎక్కడ నిలబడి వేస్తారు?

ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీది కోవళంలోనో నీలాంకరైలోనో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వేసేవాళ్ళ రీల్ మీద అల నేరుగా పడుతుంది, ఇసుకను కూడా వెంటబెట్టుకొస్తుంది. రాడ్‌ని ఇసుకలో పడుకోబెట్టి ఎర గుచ్చే అలవాటుంటే ఇంక చెప్పక్కర్లేదు. ఇలాంటి రీల్ లోపల గ్రీజు ధారాళంగా ఉండాలి, లైన్ రోలర్‌కి (స్పూల్ మీదికి చేరే ముందు లైన్ దొర్లే చిన్న చక్రానికి) కూడా గ్రీజే పెట్టాలి.

ముట్టుకాడు గట్టునో పులికాట్ సరస్సు ఒడ్డునో పండుగప్ప కోసం పొద్దస్తమానం చిన్న లూర్లు (నకిలీ ఎరలు) విసిరేవాళ్ళ కథ వేరు. రీల్ చిన్నది, విసుర్లు లెక్కలేనన్ని, రీల్ మీద పడే తడి అంతా లైన్ మోసుకొచ్చేదే. అక్కడ మెత్తటి గ్రీజు పల్చగా పూసి, ఆయిల్ మాత్రం తరచుగా వేస్తే చేతికి హాయిగా ఉంటుంది. బోటు మాట్లాడుకుని లోపలికి వెళ్ళి వంజరం, పార కోసం ట్రోలింగ్ (నడుస్తున్న పడవ వెనక ఎర లాగడం) చేసేవాళ్ళకు ఇసుక బెడద లేదు. కానీ గంటల తరబడి ఉప్పు తుంపర పడుతూ ఉంటుంది, పెద్ద చేప పరుగు తీస్తే డ్రాగ్ వేడెక్కుతుంది. వాళ్ళు ముందుగా డబ్బు పెట్టాల్సింది డ్రాగ్ గ్రీజు మీద.

ఉన్న ఒక్క రీల్‌నే మూడుచోట్లా వాడేవాళ్ళు (మనలో చాలామంది అంతే) దాన్ని మొదటి రకంగానే లెక్కేసుకోండి.

గ్రీజు: కంపెనీదా, పడవదా, బైక్‌దా?

చాలా స్పిన్నింగ్ రీళ్ళలో పెద్ద గేర్ జింక్ మిశ్రమంతోనో అల్యూమినియంతోనో చేస్తారు. దాంతో పళ్ళు కలిపే పినియన్ ఇత్తడిది, నడిమి షాఫ్ట్ స్టీలుది. వేరువేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉప్పునీళ్ళలో తడిస్తే బ్యాటరీలో జరిగేదే అక్కడా జరుగుతుంది. కరెంటు పుట్టి, వాటిలో బలహీనమైన లోహం కరిగిపోతుంది. రీల్ విప్పినప్పుడు అల్యూమినియం మీద కనిపించే తెల్లటి పొడి అదే. స్టెయిన్‌లెస్ బేరింగ్ కదా అన్న ధీమా కూడా వద్దు. బేరింగులకు వాడే 440సీ లాంటి గట్టి స్టెయిన్‌లెస్ స్టీలు, వంటపాత్రల స్టీలంతగా కూడా ఉప్పుకు తట్టుకోదు. కాబట్టి సముద్రపు రీల్‌లో గ్రీజుకు రెండు పనులు. పళ్ళు అరగకుండా చూడాలి, లోహానికీ ఉప్పునీటికీ మధ్య అడ్డంగా నిలబడాలి. రెండో పనిలో ఏది నెగ్గుతుందన్న దాన్నిబట్టే ఎంచుకోవాలి.

షిమానో, డైవా, పెన్ లాంటి రీల్ కంపెనీలు అమ్మే ట్యూబుల్లో తప్పుపట్టడానికి ఏమీ లేదు. చిక్కదనం ఆ రీళ్ళకు తగ్గట్టే ఉంటుంది, సన్నటి మూతి ఉంటుంది కాబట్టి కావాల్సిన చోటే పడుతుంది. పెన్ వాళ్ళ నీలిరంగు గ్రీజు సముద్రం మీద చాలాకాలంగా పేరున్నది. వీటితో చిక్కల్లా ధర. గ్రాము లెక్కన చూస్తే డబ్బా గ్రీజు కన్నా ఎన్నో రెట్లు పడుతుంది. ఖరీదైన వస్తువును మనవాళ్ళు పొదుపుగా వాడతారు, గ్రీజు విషయంలో ఆ పొదుపే రీల్‌కి చేటు. ఒకటో రెండో చిన్న రీళ్ళున్నవాళ్ళు, వారంటీ ఇంకా నడుస్తున్నవాళ్ళు కంపెనీదే తీసుకోండి. సంవత్సరం పైగా వస్తుంది.

ఇంతకన్నా ఎక్కువ రీళ్ళుంటే నా ఓటు పడవ గ్రీజుకే. అవుట్‌బోర్డ్ మోటార్లకు, పడవలు లాగే ట్రెయిలర్ చక్రాలకు వాడేది ఇది. యమహా, క్విక్‌సిల్వర్ లాంటి పేర్లతో వస్తుంది, అవుట్‌బోర్డ్ స్పేర్లు అమ్మేవాళ్ళను అడగండి. డబ్బా మీద రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి చిక్కదనం. ఎన్‌ఎల్‌జీఐ 2 అని ఉంటే మధ్యస్థంగా ఉన్నట్టు, 1 అంటే ఇంకాస్త మెత్తన. రెండోది దాన్ని గ్రీజుగా నిలబెట్టే పదార్థం. కాల్షియం సల్ఫొనేట్ అని రాసి ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. నీళ్ళు పడ్డా కొట్టుకుపోదు, తుప్పును ఆపే గుణం దాని ఒంట్లోనే ఉంటుంది.

మూడోది మన బైక్ మెకానిక్కుల దగ్గర ఎప్పుడూ కనిపించే ఏపీ3 గ్రీజు. పుదుపేటలోనో జనరల్ పాటర్స్ రోడ్డులోనో గ్రీజు అడిగితే "బైక్‌కా సార్, కారుకా?" అని అడిగి ముందు ఇదే తీసిస్తారు. చేపల రీల్‌కని చెబితే ఒకసారి మొహంలోకి చూసి మళ్ళీ అదే ఇస్తారు. ఇది లిథియం గ్రీజు. చక్రాల బేరింగుల్లో వానకూ బురదకూ ఓర్చుకుంటుంది కాబట్టి తీసిపారేయాల్సింది కాదు. కాకపోతే చివర ఉన్న 3 చిక్కదనం అంకె. 8000 సైజు పైన ఉండే పెద్ద రీళ్ళలో అది పెద్దగా తెలియదు. 2500, 4000 సైజుల్లో మాత్రం హ్యాండిల్ బురదలో తిప్పుతున్నట్టు ఉంటుంది. ఉప్పునీళ్ళు లోపలికి చేరితే మెల్లగా పాలలా తెల్లబడి జారిపోతుంది కూడా. చేతిలో ఇంకేమీ లేనప్పుడు, ఏమీ పూయకుండా వదిలేయడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

ఇక వద్దనాల్సినవి. నల్లటి గ్రాఫైట్ గ్రీజు అల్యూమినియం దగ్గరికి రానివ్వకండి. గ్రాఫైట్ కరెంటును పోనిస్తుంది, పైన చెప్పిన బ్యాటరీ పనిని ఇంకా వేగంగా నడిపిస్తుంది. సిలికాన్ గ్రీజు రబ్బరు సీళ్ళకు, ఓ రింగులకు మంచిదే కానీ లోహపు పళ్ళ మధ్య ఒత్తిడికి నిలవదు. వాజెలిన్ మే నెలలో కారు డిక్కీలో పెట్టిన రీల్‌లోంచి కారి బయటికొస్తుంది. అది స్క్రూల మరలకు పూయడానికి పనికొస్తుంది, అంతే.

పాత గ్రీజు మీద కొత్త రకం పూసే ముందు పాతది పూర్తిగా కడిగేయండి. కొన్ని గ్రీజులు ఒకదానితో ఒకటి పడవు, కలిస్తే రెండూ నీరుగారిపోతాయి. కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు. ఎలక్ట్రానిక్స్ రిపేర్లవాళ్ళు వాడేదే కాబట్టి రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. బాగా గట్టిపడిన జిడ్డుకు టర్పెంటైన్ నయం. పెయింట్ థిన్నర్, అసిటోన్ ప్లాస్టిక్ భాగాల్ని కరిగిస్తాయి. పెట్రోలు పనిచేస్తుంది కానీ ఫ్లాట్ బాల్కనీలో పెట్రోలు గిన్నె ముందు కూర్చోవాలని నేనెవరికీ చెప్పను.

ఎంత పూయాలన్నది కూడా గొడవే. పాతకాలపు మల్టిప్లయర్ వాడేవాళ్ళు లోపలంతా గ్రీజుతో కూరేస్తారు. వాటికి చెల్లుతుంది. స్పిన్నింగ్ రీల్‌లో అలా కూరితే గేర్ విసిరికొట్టిన ముద్ద వెళ్ళి, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ రివర్స్ బేరింగ్‌లో పడుతుంది. గేర్ పళ్ళ మధ్య నిండేలా పెట్టి, రీల్ లోపలి గోడలకు, స్క్రూ తలలకు, బేరింగ్ కూర్చునే గుంటలకు బ్రష్‌తో పల్చటి పూత వేయండి. తుప్పు మొదలయ్యేది ఆ మూలల్లోనే, చాలామంది వదిలేసేదీ అవే.

ఆయిల్ సంగతి

ఇక్కడ పోటీ అంతగా లేదు. కంపెనీ ఆయిల్‌కీ మంచి కుట్టుమిషన్ ఆయిల్‌కీ మధ్య సముద్రపు రీల్‌లో మీకు తెలిసేంత తేడా ఉండదు. కుట్టుమిషన్ ఆయిల్ పల్చటి మినరల్ ఆయిల్, జిగురు కట్టదు, ఏ వీధిలోనైనా దొరుకుతుంది. దానికున్న లోపం త్వరగా కొట్టుకుపోవడం. ప్రతిసారీ వేసే ఓపికుంటే అది లోపమే కాదు. ఓపిక లేనివాళ్ళు తుప్పును ఆపే పదార్థాలు కలిపిన రీల్ ఆయిల్ కొనుక్కోవాలి. మెడికల్ షాపులో ఒక ఇన్సులిన్ సిరంజి తెచ్చుకుంటే చుక్క సరిగ్గా బేరింగ్ మీదే పడుతుంది.

కొబ్బరి నూనె గురించి చెప్పకపోతే మన ఇళ్ళలో ఒప్పుకోరు. తాళం దగ్గర్నుంచి తలుపు బందుల దాకా అన్నింటికీ అదే కదా. అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చెన్నైలో మార్గశిరం తెల్లవారుజాముల్లో అంత చల్లదనం వస్తుంది. అది పోనిచ్చినా, వంటనూనెలన్నీ గాలి తగిలి కొన్నాళ్ళకు జిగురుగా మారతాయి, ఆ జిగురుకు ఇసుక అంటుకుంటుంది. ఆముదం బండి ఇరుసుకు గొప్ప కందెనే, కానీ చిన్న బేరింగ్‌లో అదీ బంకలా పట్టేస్తుంది.

డబ్ల్యూడీ-40 దగ్గర చాలామంది పొరపడతారు. 1953లో అమెరికాలో అది తయారైంది తడిని తరిమేయడానికి, పేరులోని రెండక్షరాలకూ అర్థం అదే. అందులో ఎక్కువ భాగం ఇగిరిపోయే ద్రావకం. రీల్ నీళ్ళలో మునిగి, విప్పే వీలు లేనప్పుడు లోపలి తడిని బయటికి నెట్టడానికి పనికొస్తుంది. అలవాటుగా కొడుతూ పోతే మాత్రం లోపలున్న గ్రీజును కడిగేస్తుంది. నాలుగు రోజులు రీల్ వెన్నలా తిరుగుతుంది, అందుకే జనం నమ్ముతారు. ఆ తర్వాత లోపల పొడి లోహమే మిగులుతుంది.

లైన్ రోలర్

రీల్‌లో ముందుగా చచ్చేది ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. అల్లిన లైన్ నీళ్ళు పీల్చుకుని వస్తుంది, ఆ ఉప్పునీళ్ళను తిన్నగా రోలర్ మీదే పిండుతుంది. లోపలి బేరింగ్ సాధారణంగా 4×7×2.5 మిల్లీమీటర్ల బుల్లిది. అది పట్టేస్తే రోలర్ తిరగదు, లైన్ ఒకేచోట రాసుకుంటూ గాడి పెడుతుంది, ఆ గాడి మళ్ళీ లైన్‌ను కోస్తుంది. మంచి చేప పడ్డప్పుడే లైన్ తెగిందంటే గాలంముడిని తిట్టే ముందు రోలర్ మీద గోరు పెట్టి తిప్పి చూడండి.

ఆయిల్ వేస్తే రోలర్ చక్కగా తిరుగుతుంది, కానీ ఒక్క పూట వేటకే కడుక్కుపోతుంది. గ్రీజు పెడితే మొదట్లో కాస్త బిగుతుగా ఉంటుంది, నెలల తరబడి నీటిని ఆపుతుంది. సన్నటి లైన్‌తో చిన్న లూర్లు వేసేవాళ్ళు ఆయిలే వాడి, వేటకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఒక చుక్క వేయాలి. అలల్లో వాడే 5000, ఆ పై సైజు రీళ్ళకు బేరింగ్‌లోకి పడవ గ్రీజు ఎక్కించడమే మేలు, ఆ ఒత్తిడిలో లైన్ ఎలాగూ రోలర్‌ని తిప్పుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. డైవా సాల్టిగా లాంటి రీళ్ళలో మాగ్‌సీల్డ్ అని ఉంటుంది. అయస్కాంతం పట్టి ఉంచే ప్రత్యేకమైన ఆయిలే అక్కడ నీటికి అడ్డం. అందులో మీ ఆయిల్ చుక్క పడితే ఆ అడ్డం చెడుతుంది. మాగ్‌సీల్డ్ భాగాల్లో మీరేమీ వేయకూడదని కంపెనీయే చెబుతుంది.

హ్యాండిల్ నాబ్, బెయిల్ (లైన్‌ను పట్టి స్పూల్ మీద చుట్టే తీగ) కీళ్ళు ఆయిల్ చుక్కతో సరిపోతాయి. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ రివర్స్ బేరింగ్‌కి గ్రీజు అసలు వద్దు. అందులోని చిన్న రోలర్లు చిక్కటి గ్రీజులో ఇరుక్కుంటే, గాలం బిగించే క్షణాన హ్యాండిల్ వెనక్కి జారుతుంది. పొడిగా వదిలేస్తే తుప్పు. కాబట్టి పల్చటి ఆయిల్ ఒక్క చుక్క, ఎక్కువైంది తుడిచేయాలి. బెయిట్‌కాస్టర్ల (విసరడానికి వాడే చిన్న మల్టిప్లయర్ల) స్పూల్ బేరింగులకు కూడా ఆయిలే, గ్రీజు పెడితే విసురు సగం దూరంలోనే ఆగిపోతుంది.

డ్రాగ్ జోలికి వేరే గ్రీజుతోనే వెళ్ళండి

మిగతా రీల్‌లో రాపిడి తగ్గాలి. డ్రాగ్‌లో రాపిడి ఉండాలి, కానీ కుదుపు లేకుండా ఒకే తీరుగా ఉండాలి. గేర్లకు వాడే గ్రీజు అక్కడ వేడికి పల్చబడి, డ్రాగ్ ఒకసారి జారుతూ ఒకసారి పట్టేస్తూ ఉంటుంది. ముందు మీ రీల్‌లో ఏ వాషర్లున్నాయో చూడండి. చవక రీళ్ళలో, చిన్న సైజుల్లో ఫెల్ట్ (ఒత్తుగా నొక్కిన ఉన్నిలాంటి గుడ్డ) ఉంటుంది. అది ఎండిపోతే గట్టిపడి కుదుపు మొదలవుతుంది, కాబట్టి డ్రాగ్ గ్రీజు బాగా పట్టించాలి. సముద్రపు రీళ్ళలో కార్బన్ ఫైబర్ వాషర్లు ఎక్కువ, పెన్ వాళ్ళ హెచ్‌టీ-100 అలాంటిదే. కార్బన్ పొడిగానూ పనిచేస్తుంది. అయినా ఉప్పునీటి దగ్గర కాల్స్ లాంటి డ్రాగ్ గ్రీజు పల్చగా రుద్ది, మిగిలింది తుడిచేస్తే చేప లాగిన మొదటి క్షణంలో వచ్చే కుదుపు తగ్గుతుంది, పక్కనున్న లోహపు వాషర్లు తుప్పు పట్టవు. పొడిగానే ఉంచాలని మాన్యువల్‌లో ఉంటే, ముఖ్యంగా లివర్ డ్రాగ్ రీళ్ళకు, దాని మాటే వినాలి.

కడిగే నీళ్ళు

గ్రీజు ఎంత మంచిదైనా ఏ నీళ్ళతో కడుగుతున్నారన్నది తేడా తెస్తుంది. తీరం వెంబడి చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు ఉప్పగానో, తెల్లటి చారలు కట్టేంత కఠినంగానో ఉంటాయి. వాటితో కడిగి ఆరబెడితే ఒక ఉప్పు పోయి ఇంకో ఉప్పు మిగులుతుంది. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళలో ఉప్పు ఇంకా ఎక్కువ, బకెట్‌లో పట్టి ఉంచారు కదా అని వాటిని వాడొద్దు. మెట్రో వాటర్ వచ్చే ఇళ్ళు అదృష్టవంతులు. దక్షిణ చెన్నైలో అయితే ఆ నీళ్ళలో కొంత 2013లో మొదలైన నెమ్మేలి ప్లాంటులో సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి పంపిందే. సముద్రపు ఉప్పును సముద్రపు నీళ్ళతోనే కడుగుతున్నామన్నమాట. బోరు తప్ప గతి లేనివాళ్ళకు ఏసీ గొట్టంలోంచి కారే నీళ్ళున్నాయి. అది గాలిలోని తేమే కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. చివరి కడుగు దాంతో కానిచ్చేయండి.

కడిగే ముందు డ్రాగ్ గట్టిగా బిగించాలి, లోపలికి నీళ్ళు పోకుండా. పైపు ఒత్తిడితో కొట్టకండి, ఆ ఒత్తిడి ఉప్పును లోపలికే తోస్తుంది. మెల్లగా చిలకరించి, దులిపి, నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాత డ్రాగ్ వదులు చేసి పెట్టాలి. బెంగళూరు నుంచి వారాంతంలో వచ్చే మిత్రులు ఇంటికెళ్ళాక కడుగుదాంలే అనుకుంటే, దారి పొడవునా ఆ ఉప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఇక్కడే ఒక సీసా మంచినీళ్ళు పోసి బయల్దేరండి. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఫ్లాట్లలో బాల్కనీ గ్రిల్ ఎలా తుప్పు పట్టిందో ఒకసారి చూస్తే రీల్‌ని బాల్కనీలో ఎందుకు పెట్టకూడదో తెలుస్తుంది.

మీరే విప్పుతారా, షాపుకిస్తారా, సీల్డ్ రీల్ కొంటారా?

మామూలు స్పిన్నింగ్ రీల్‌ని మీరే విప్పుకోవచ్చు. ప్రతి దశకూ ఫోన్‌లో ఫొటో తీసి, స్క్రూలను ఐస్ ట్రే గడుల్లో వరుసగా పెట్టుకుంటే చాలు. యాంటీ రివర్స్ స్ప్రింగ్ ఎగిరిపోతుంది, కాబట్టి పాత పంచె పరిచి కూర్చోండి. మాగ్‌సీల్డ్ రీళ్ళు, ఎక్కువ ధర పెట్టి కొన్నవి, వారంటీలో ఉన్నవి సర్వీసుకివ్వడమే నయం. ఇచ్చేటప్పుడు "ఏ గ్రీజు వాడతారన్నా?" అని అడగండి. చెప్పలేకపోతే మీ డబ్బా మీరే ఇచ్చి అదే వాడమనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సీల్డ్ రీల్ కొంటే ఈ బాధలుండవా అంటే, తగ్గుతాయి. పెన్ స్పిన్‌ఫిషర్ 6కు ఐపీఎక్స్5, స్లామర్ 4కు ఐపీఎక్స్6 అని ఉంటుంది. ఆ అంకెలు చెప్పేది నీటి ధార తగిలితే ఆపుతుందని, ముంచితే ఆపుతుందని కాదు. సీల్ అరిగాక లోపలికి చేరిన నీళ్ళు బయటికి పోవడానికి కూడా అదే సీల్ అడ్డు. అలల్లో నిలబడేవాళ్ళకు ఆ ఖర్చు గిట్టుబాటే. గట్టున నిలబడి వేసేవాళ్ళు అదే డబ్బుతో డైవా బీజీ లాంటి మామూలు లోహపు రీల్ కొని, ఏడాదికోసారి విప్పి గ్రీజు పూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆ ఏడాదికోసారి ఎప్పుడంటే, ఈశాన్య రుతుపవనాలకు ముందు, అక్టోబరు మొదట్లో. వానలు మొదలై సముద్రం పోటెత్తాక రీల్ నెలల తరబడి మూలన పడుంటుంది. ఉప్పుతో అలాగే పెట్టేసి జనవరిలో తీస్తే అప్పుడు పూసే గ్రీజుకు కాపాడ్డానికి ఏమీ మిగలదు. బోటు వేటే చేసేవాళ్ళకు ఇంకో వీలుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యంత్రపు పడవలకు వేట నిషేధం కాబట్టి, ఆ ఖాళీ మొదలైన వారంలోనే విప్పేయొచ్చు.

అన్నీ కడిగి, పూసి, బిగించాక కూడా హ్యాండిల్ గరగరమంటే అది కందెన లోపం కాదు, బేరింగ్ పోయింది. పాతదాని కొలతలు మిల్లీమీటర్లలో తీసుకోండి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. బేరింగ్ షాపులో ఆ మూడు అంకెలు చెప్పి స్టెయిన్‌లెస్‌దే ఇమ్మనండి. గేర్ వైపు వేసేదైతే రెండు పక్కలా రబ్బరు సీల్ ఉన్నది, అంటే 2ఆర్‌ఎస్ అని రాసి ఉన్నది తీసుకోండి. స్పూల్ బేరింగ్‌కైతే లోహపు మూత ఉన్న జెడ్‌జెడ్ రకం.